అందరికీ వీలైన దారి

ఒక చెయ్యి వీపు కిందా, ఇంకో చెయ్యి మోకాళ్ళ కిందా పోనిచ్చి వీరదుర్గ మామ్మగారిని మంచం మీద లేపి కూర్చోబెట్టింది. "ఊఁ, మెడ పట్టుకోండి" అంది. అనంతలక్ష్మి పట్టుకుంది. ఇండియాలో తుంటి విరిగి, ఆపరేషనయి, ఇక్కడ కొడుకు ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ ఆవిడకి తెల్లారడమంటే ఇదే. ముందు వీరదుర్గ మెడ, ఆ మెడ దగ్గర కొబ్బరినూనె వాసన, తర్వాతే కిటికీలోంచి షార్జా ఎండ.

వీరదుర్గ పొట్టి మనిషి. భుజాలు మాత్రం వెడల్పు. ముమ్మిడివరం దగ్గర రొయ్యల షెడ్డులో చిన్నప్పట్నుంచీ తల్లి పక్కనే నిలబడి ఐసు నీళ్ళలో రొయ్యలు వలిచిన చేతులవి. వేలి చివరలు తెల్లగా పాలిపోయి, గోళ్ళు నిలువునా చీలి ఉంటాయి. దుబాయ్ వచ్చి ఇన్నేళ్ళయినా ఆ గోళ్ళు బాగుపడలేదు. మొగుడు యానాంలో ఇంకొకామెతో కాపురం పెట్టాక, తల్లి సూరమ్మే ఏజెంటు దగ్గరికి తీసుకెళ్ళి విమానం ఎక్కించింది. మొదట అజ్మాన్‌లో ఒక ఇంట్లో చేసింది. అక్కడ తలుపులకి బయటినుంచి తాళం వేసేవాళ్ళు. తర్వాత ఈ ఇంటికొచ్చింది. ఇక్కడ తాళం వెయ్యరు. తెలుగు మాట్లాడతారు. అందుకే ఎవరైనా అడిగితే "మావాళ్ళు మంచోళ్ళండి" అనేది.

ఆ శనివారం ఎడారిలో ఉన్న పార్కుకి వెళ్ళాలని ముందే అనుకున్నారు. మామ్మగారి కోడలు ఉమామహేశ్వరి అక్కగారు వాసంతి హైదరాబాదు నుంచి వచ్చి ఉంది. ఆవిడకి దుబాయ్‌లోని ఎత్తైన మేడలన్నీ చూపించడమయింది, ఎడారి మాత్రం మిగిలింది. అత్తగారిని వదిలి వెళ్ళడం కుదరదు కాబట్టి, చక్రాల కుర్చీ పోయే దారి ఉన్న పార్కేదో మామ్మగారి కొడుకు రాధాకృష్ణ వెతికి పట్టుకున్నాడు.

"దుర్గా, నీ టీ చల్లారిపోతోంది" అంది ఉమామహేశ్వరి వంటగదిలోంచి. ఆ టీ ఆవిడే కలిపింది. ఈ వారం రోజులుగా ఆవిడ అలా మెత్తగా ఉంటోంది. గిన్నెలు ఆలస్యంగా తోమినా ఏమీ అనడం లేదు. అక్కగారు ఇంట్లో ఉన్నారని కాబోలు అనుకుంది వీరదుర్గ. ఆ టీ తాగుతూ, "అయ్యగారూ, నా ఫోను సంగతి ఏమైనా తెలిసిందాండి?" అని అడిగింది.

ఆ ఫోను బాత్రూమ్ బకెట్లో పడింది. రాధాకృష్ణే తీసుకెళ్ళి బాగుకిచ్చాడు.

"పార్టు రావాలట. చూద్దాంలే" అన్నాడు ఆయన, కారు తాళాలు వెతుక్కుంటూ.

"అమ్మతో మాట్లాడి చాలా రోజులైందండి. మీ ఫోనులోంచి ఒక్కసారి..."

"మొన్న చేశాను కదా, లైను కలవలేదు" అంది ఉమామహేశ్వరి. "యల్లా, బయల్దేరండి. ఎండెక్కిపోతుంది."

కారులో వెనక వరసలో మడతపెట్టిన కుర్చీ, అన్నం డబ్బాలు, నీళ్ళ సీసాలు, వాటి మధ్య వీరదుర్గ. ఊరు దాటాక రోడ్డుకి రెండు వైపులా ఎర్రటి ఇసుక మొదలైంది. కల్బా అనే ఊరికి దారి చూపించే పచ్చబోర్డు ఒకటి తలమీదుగా వెళ్ళిపోయింది. ఇసుక చూడగానే ఆమెకి తమ ఊరి సముద్రం ఒడ్డు గుర్తొచ్చింది. సముద్రం ఎండిపోతే ఇలాగే ఉంటుందేమో అనుకుంది.

పార్కు మొదట్లో అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ రాసిన పెద్ద పలక ఉంది. రాధాకృష్ణ కూతురు తన్మయి, మూడో తరగతి పిల్ల, దాన్ని గట్టిగా చదివి తెలుగు చేసింది. "చిన్నపిల్లలకీ, తాతలకీ, వీల్‌చైరు వాళ్ళకీ, అందరికీ వీలైన దారి అట నానమ్మా."

నిజంగానే వీలైన దారి. ఇసుక మీద చెక్కలు పరిచి, పక్కన కర్ర కమ్మీలు కట్టారు. ఎక్కడా మెట్టు లేదు. దూరంగా గుట్టలు, వాటి అంచుల మీద ఎండ, అక్కడక్కడ నీడకి పందిళ్ళు, బెంచీలు. గాలికి ఇసుక చెక్కల మీదికి ఎక్కుతూనే ఉంది. ఆకుపచ్చ చొక్కా తొడుక్కున్న పనివాడొకడు పొడుగు చీపురుతో దాన్ని దింపుతూనే ఉన్నాడు. ముఖానికి తువ్వాలు చుట్టుకున్నాడు. వీళ్ళ మాటలు విని తువ్వాలు కిందికి లాగి, "తెలుగోళ్ళా?" అని నవ్వాడు.

"అవునన్నా. మీదే ఊరు?" అంది వీరదుర్గ.

"జగిత్యాల దిక్కు. పర్శరాములంటరు. మెల్లగ తోలు చెల్లె, ఆడ మలుపుల ఇసుకుంది, ఇప్పుడే ఊడుస్త."

"దుర్గా" అని ముందునుంచి ఉమామహేశ్వరి పిలిచింది. వీరదుర్గ కుర్చీ తోసుకుంటూ వెళ్ళింది. ఆమె ఎప్పుడూ కొంచెం ముందుకి వంగి నడుస్తుంది. చేతిలో తోసేదేమీ లేనప్పుడు కూడా నడక అలాగే ఉంటుంది.

మొదటి పందిరి దగ్గర ఫొటోలు తీసుకున్నారు. "దుర్గా, నువ్వూ రా, నిలబడు" అంది వాసంతి. "తను తీస్తుందిలే అక్కా" అని ఉమామహేశ్వరి ఫోను ఇచ్చింది. వీరదుర్గ అందరినీ చట్రంలో పట్టించి, మామ్మగారి కొంగు సర్దమని సైగ చేసి, తీసింది. ఆమెకి దానిలో తప్పేమీ కనిపించలేదు. ఆ ఇంట్లో ఫొటోలన్నీ ఆమె తీసినవే.

దారి పక్కన ఇసుక తిన్నె ఎక్కాలని తన్మయి గొడవ చేసింది. "అత్తయ్యని నీడలో పెట్టుకుని కూర్చో దుర్గా, ఇప్పుడే వస్తాం" అని నలుగురూ చెప్పులు చేతపట్టుకుని ఎక్కడం మొదలుపెట్టారు. వీరదుర్గ కుర్చీని దారి పక్క చెట్టు నీడకి తిప్పి, బ్రేకు వేసి, తను చెక్క అంచు మీద కూర్చుంది. "జమ్మిచెట్టులా ఉందే ఇది" అంది అనంతలక్ష్మి పైకి చూస్తూ. సన్నటి ఆకుల మధ్యనుంచి ఎండ ఆవిడ ఒళ్ళో చుక్కలు చుక్కలుగా పడుతోంది.

వీరదుర్గ మామ్మగారి చేత రెండు గుక్కల నీళ్ళు తాగించి, మూతి తుడిచింది. కాసేపు చక్రం మీద చెయ్యి వేసి అటూ ఇటూ ఆడించింది.

"మామ్మగారూ, ఇలాంటి కుర్చీని విమానంలో ఎక్కనిత్తారంటారా?"

"ఎందుకే?"

"మాయమ్మకండి. మోకాళ్ళు పట్టేసి గుమ్మం దిగలేకపోతంది. ఎండాకాలం సెలవిత్తానన్నారు కదండి అమ్మగారు. ఇలాటిదొకటి అట్టుకెళ్తే, అంతర్వేదిలో బస్సు దిగి, కూకోబెట్టి గుడి దాకా నేనే తోసుకెళ్తాను. ఒడ్డు దగ్గర చక్రాలు దిగడిపోతాయనుకోండి, ఇంకో పక్క మా తమ్ముడు మంగరాజు అట్టుకుంటాడు. మాయమ్మ ఎప్పుడూ కుర్చీలో కూకుని ఎరగదండి. షెడ్డులో నిలబడే ముసిల్దైపోయింది."

చెబుతూ చెబుతూ ఆమె నవ్వుకుంది. తల్లి కుర్చీలో బిగుసుకుని కూర్చుని, పడిపోతానేమోనని రెండు పక్కలా పట్టుకోవడం కళ్ళకి కట్టినట్టు కనిపించింది. వీరదుర్గ తలెత్తి చూస్తే అనంతలక్ష్మి గడ్డం వణుకుతోంది.

"చలేత్తందాండి?"

"దుర్గా. మీ అమ్మ లేదే."

"ఎక్కడికెళ్ళిందండి?" అంది వీరదుర్గ.

"పోయిందే పిల్లా. వారం దాటింది. ఎల్లుండి పెద్దకార్యం."

చెట్టు కింద గాలి లేదు. దూరంగా తిన్నె మీద తన్మయి అరుపు వినిపిస్తోంది. వీరదుర్గ మామ్మగారి మోకాళ్ళ మీంచి జారిన శాలువా అందుకుని మళ్ళీ కప్పింది. అంచులు లోపలికి దోపింది. ఆ పని అయ్యాక ఆ చేతులతో ఏం చెయ్యాలో ఆమెకి తెలియలేదు.

"మీకెవరు చెప్పారండి?"

"మీ తమ్ముడు రాధాకి ఫోను చేశాడు. నేను పక్కగదిలో మంచం మీదే ఉంటాను కదా, అన్నీ వినబడతాయి. వాసంతి వెళ్ళేదాకా నీకు చెప్పొద్దనుకున్నారు ఇద్దరూ." ఆవిడ కళ్ళు మూసుకుంది. "నేనూ నోరు మూసుకున్నాను. నువ్వెళ్ళిపోతే నన్ను బాత్రూముకి ఎవరు తీసుకెళతారని. రోజూ పొద్దున్న నీ మెడ పట్టుకుని లేస్తూ కూడా చెప్పలేదు."

వీరదుర్గ లేచింది. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. కుర్చీ బ్రేకు ఇంకోసారి చూసి, చెక్కల మీద వెనక్కి, పర్శరాములు దగ్గరికి నడిచింది.

"అన్నా, ఒక్క ఫోను చేసుకుంటాను. ఇండియాకి. మాయమ్మ పోయిందంట, ఈళ్ళు నాకు చెప్పలేదు."

అతను చీపురు కమ్మీకి ఆనించి, ఆమె ముఖం ఒక క్షణం చూసి, జేబులోంచి ఫోను తీసిచ్చాడు. "చేస్కో. ఎంతసేపైనా మాట్లాడు." తర్వాత ఎవరితోనూ అన్నట్టు కాకుండా, నేలను చూస్తూ అన్నాడు. "తల్లి సచ్చిపోతే దాస్తరా. గిట్ల సుత జేస్తరా మనుషులు."

తమ్ముడి నంబరు ఆమెకి నోటికి వచ్చు. అవతల మోగి మోగి ఎత్తాడు.

"ఎవరు?"

"నేన్రా, అక్కని."

మంగరాజు గొంతు, ఆమె ఎన్నడూ వినని గొంతు. "ఇప్పటికి తీరిందా నీకు?"

"మంగా..."

"పొద్దుగూకేదాకా ఉంచాం. నువ్వు ఇమానం ఎక్కుతావేమోనని. మీ సారుకి ఫోను చేత్తే, మీ అక్క రానంటంది, పనుంది, కానిచ్చెయ్యండి అన్నాడు. నేను నమ్మలేదు. నీ ఫోనుకి చేత్తే కట్టేసుంది. అప్పుడు నమ్మాను. ఊరంతా అన్నారు, దుబాయ్ ఎళ్ళింది కదా, ముసల్ది ఎందుక్కావాలి అని."

"నాకిప్పుడే తెలిసిందిరా. ఇప్పుడే, ఈ నిమిషం. మామ్మగారు చెప్పారు. నా ఫోను పాడైపోయి ఆళ్ళ దగ్గరుంది."

"ఒట్టు?"

"అమ్మ మీద..." అనబోయి ఆగిపోయింది. అప్పుడొచ్చింది ఏడుపు. అవతల మంగరాజు కూడా ఏడుస్తున్నాడు. పర్శరాములు ఇంకాస్త దూరం జరిగి, అప్పుడే ఊడ్చిన చోటునే మళ్ళీ ఊడుస్తున్నాడు.

"ఎలా పోయిందిరా?"

"నిద్దర్లోనే. కాఫీ అట్టుకెళ్ళి లేపితే లేవలేదు. ముందురోజు పడుకోబోతా, అక్క ఫోను చెయ్యలేదేట్రా అంది. అంతే."

ఆమె ఫోను తిరిగి ఇచ్చేసి కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆ కాస్త దూరం నడుస్తుండగా ఈ వారం సంగతులన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఉమామహేశ్వరి కలిపిచ్చిన టీ. ఏమీ అనకుండా వదిలేసిన గిన్నెలు. "లైను కలవలేదు." మంచం పక్కన తను పాడుకుంటూ బట్టలు మడతపెట్టిన ఆ రోజు, తల్లిని కాటికి మోస్తున్న రోజు కావచ్చు. ఆ రోజు తను నవ్వింది. కడుపునిండా తిన్నది. తల్లి కోసం తను పట్టాల్సిన మైల కూడా తనకి లేకుండా చేశారు.

తిన్నె దిగి వస్తున్నారు నలుగురూ. వాసంతి చెప్పుల్లోంచి ఇసుక దులుపుకుంటోంది. వీరదుర్గ దారి మధ్యలో నిలబడి ఉండటం, మామ్మగారు చెట్టు కింద ఒక్కతే ఉండటం చూసి ఉమామహేశ్వరి, "అదేమిటి, అత్తయ్యని వదిలేసి..." అంది.

"మాయమ్మ పోయిందంటగదండి."

రాధాకృష్ణ ముఖం పాలిపోయింది. ఆయన చెడ్డవాడిలా కనిపించే మనిషి కాదు. సన్నటి గొంతు, ఎవరినీ కసిరి ఎరగడు. "దుర్గా, ప్రాక్టికల్‌గా ఆలోచించు" అన్నాడు. "నువ్వు బయల్దేరినా అందేదానివి కాదు. నీకు ఊరికే బాధ. నెమ్మదిగా చెబుదామనే అనుకున్నాం."

"రానని నేనెప్పుడన్నానండి?"

ఆయన కారు తాళాలు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"మా తమ్ముడికి, మీ అక్క రానంటందని చెప్పారంట. ఆ మాట నేనెప్పుడన్నానండి?"

"ఏదో ఒకటి చెప్పాలి కదా వాళ్ళకి" అంది ఉమామహేశ్వరి. "ఇంట్లో పరిస్థితి నీకు తెలియనిదేముంది? అత్తయ్యని నేనొక్కదాన్నీ లేపలేను. నా నడుము సంగతి నీకు తెలుసు. అక్క వచ్చి ఉంది. చెబితే నువ్వు ఆగుతావా?"

"ఆగనండి."

"మరి?"

ఆ 'మరి' అన్న మాట అక్కడ అలాగే నిలబడిపోయింది. ఉమామహేశ్వరికే అది వినిపించినట్టుంది, చూపు తిప్పుకుంది. వాసంతి చెల్లెలి వైపు చూసి, "నేనొచ్చానని దాచారా? నాకొక్క మాట చెబితే టికెట్టు మార్చుకునేదాన్ని కదే" అంది. ఆవిడ గొంతులో కోపం కంటే సిగ్గు ఎక్కువుంది.

వీరదుర్గ రాధాకృష్ణనే చూస్తోంది. "మామ్మగారికి తుంటి ఇరిగిందని ఫోనొచ్చినప్పుడు మీరు అన్నం ముందునుంచి లేచిపోయారండి. ఆఫీసోళ్ళకి కూడా చెప్పకుండా ఇమానం ఎక్కారు. మీ పెట్టె నేనే సర్దాను. మీరు కంగారులో మర్చిపోతంటే పాస్‌పోర్టు నేనే తీసి మీ జేబులో పెట్టాను. తల్లంటే మీకు తెలుసండి. తెలవనోళ్ళైతే నేనింత అడగను."

ఆమె గొంతు పెంచలేదు. పక్కనుంచి వెళుతున్న ఒక అరబ్బు కుటుంబం, తోపుడుబండిలో బిడ్డతో, వీళ్ళని తప్పుకుని వెళ్ళింది.

"నా ఫోను?"

"కారులో ఉంది" అన్నాడు ఆయన. బాగై ఎన్నాళ్ళయిందో ఆమె అడగలేదు.

"నా పాస్‌పోర్టు ఇప్పించండి. ఎల్లుండి పొద్దున్నకి నేను మా ఇంట్లో ఉండాలి."

"సరే, సరే. ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం. ఇక్కడ కాదు" అంటూ ఉమామహేశ్వరి సంచులు అందుకుని, అలవాటు మాట అనేసింది. "అత్తయ్యని తీసుకురా."

"నేను తొయ్యనండి" అంది వీరదుర్గ.

ఆ ఇంట్లో ఆమె అన్న మొదటి 'కాదు' అది. అలా అనేసి తిరిగి నడిచింది. వచ్చేటప్పుడు అందరికంటే వెనక వచ్చిన మనిషి, ఇప్పుడు అందరికంటే ముందు, రెండు చేతులూ ఖాళీగా ఊపుకుంటూ, ఆ చదునైన చెక్కల మీద పోతోంది. వెనకాల రాధాకృష్ణ బ్రేకు తీయడం, చక్రాలు కదలడం వినిపించింది. తిరిగి చూడలేదు. పర్శరాములు చీపురు పక్కకి తీసి దారిచ్చాడు. "పోయిరా చెల్లె. అమ్మకు దండం పెట్టిన్నని చెప్పు" అన్నాడు. ఆమె రెండు చేతులూ జోడించింది. "దుర్గక్కా, ఆగవా" అని తన్మయి కొంత దూరం పరిగెత్తుకొచ్చి నిలబడిపోయింది. వీరదుర్గ ఆగి, పిల్ల తల మీద చెయ్యి వేసి, మళ్ళీ నడిచింది.

ఇంటికి రాగానే రాధాకృష్ణ బీరువాలోంచి పాస్‌పోర్టు తెచ్చి బల్ల మీద పెట్టాడు. పక్కనే కూర్చుని మర్నాటి హైదరాబాదు విమానానికి టికెట్టు తీశాడు. "కార్యం చూసుకుని పదిహేను రోజుల్లో వచ్చెయ్" అంది ఉమామహేశ్వరి. "నీ పని నీకుంటుంది. ఎవరినీ పెట్టుకోం." అది ఆవిడ నిజంగా దయగానే అన్నది. తన చేతుల్లోది ఇస్తున్నాననే అనుకుంది పాపం. ఒక సంచి చాలింది వీరదుర్గ సామానుకి. తల్లి కోసం కొనిపెట్టిన పరిమళపు సబ్బులు అందులో పెట్టాలా వద్దా అని కాసేపు చేతిలో పట్టుకుని, పెట్టింది.

మర్నాడు పొద్దున్న ఉమామహేశ్వరి అత్తగారి మంచం దగ్గర నిలబడి, ఎక్కడ చెయ్యి వెయ్యాలో తెలియక తిప్పలు పడుతోంది. ముసలావిడ నొప్పికి మూలిగింది. వీరదుర్గ గుమ్మంలోంచి చూసి, కొంగు బిగించుకుని లోపలికొచ్చింది. ఎప్పటిలాగే ఒక చెయ్యి వీపు కింద, ఒక చెయ్యి మోకాళ్ళ కింద. అనంతలక్ష్మి ఆమె మెడ పట్టుకుంది, కానీ ఈసారి వదలలేదు.

"మళ్ళీ రావు కదూ?"

"రానండి."

"నన్ను తిట్టవే."

"తిట్టనండి. మీరు చెప్పకపోతే రేపు కార్యం రోజున కూడా నాకు తెలిసేది కాదు." ఆవిడ వేళ్ళని ఒక్కొక్కటే మెత్తగా విడదీసింది. "చెప్పడానికి వారం పట్టింది మీకు. అది మాత్రం మర్చిపోలేనండి."

మామ్మగారి తల దువ్వింది. మందులు వేసింది. వాసంతి లిఫ్టు దాకా వచ్చి ఆమె భుజం మీద చెయ్యి ఉంచి తీసేసింది. కింద టాక్సీ ఆగి ఉంది.

టాక్సీ విమానాశ్రయం మలుపు తిరుగుతుండగా వీరదుర్గకి గుర్తొచ్చింది, ఉతికి ఆరేసినదొకటి తీసుకోలేదని. వెనక్కి తిప్పమని చెప్పలేదు.

ఎనిమిదో అంతస్తు బాల్కనీ తీగ మీద, ఉమామహేశ్వరి వేసుకుని వదిలేసిన పాత పూల నైటీ, వీరదుర్గ పొట్టితనానికి సరిపోయేలా అడుగున వంకరటింకరగా మడిచి కుట్టుకున్నది, ఎప్పుడో ఆరిపోయి, ఎడారి మీంచి వచ్చే గాలికి తన కొలత ఎవరికీ సరిపోకుండా ఊగుతూ ఉంది.